మూసిన తలుపు ముందు వరస

కుట్టుగది, మన ఇల్లు

ఒరేయ్ పిల్లీ,

చేరావా? చేరితే చేరానని ఒక ముక్క రాయొచ్చు కదరా, కలం అరిగిపోతుందా? చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. వచ్చినా చప్పుడుండదు, పోయినా చప్పుడుండదు. పిల్లి అన్న పేరు ఊరికే పెట్టానా?

నువ్వెళ్ళాక మీ బావకి కష్టాలు మొదలయ్యాయి. నా మాటలు ఇంతకుముందు ఇద్దరు పంచుకునేవాళ్ళు, ఇప్పుడు ఒక్కడే మొయ్యాలి. పానా భుజాన వేసుకుని, ఎవరి కుళాయి కారినా కారకపోయినా పొద్దున్నే బయలుదేరుతున్నాడు. "మిషనుకి నూనె అక్కర్లేదు, బ్రేకు కావాలి" అంటాడు. మిషనంటే కుట్టేది కాదురా, నేను.

సర్కారు నీళ్ళ కచేరీలో మైకు పట్టుకోవడం మంచి ఉద్యోగమే. మనిద్దరిదీ ఒకటే గొంతు. నాది ఆడదానికి ఎక్కువ, నీది మగాడికి తక్కువ. ఫోనులో ఇప్పటికీ నన్ను "సార్" అంటారు. నీ హెడ్మాస్టరుకి నీ గొంతుతో ఎన్నిసార్లు సెలవు అడిగానో ఆయనకి ఇవాళ్టికీ తెలీదు. ఆ గొంతుకి జీతం నీకొస్తోంది, నాకు రావడం లేదు. సరేలే.

నిన్న సినిమా హాలు వెనక నుంచి వస్తుంటే ఆ ఇనుప తలుపు చూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. గుర్తుందా? సంచి పట్టుకుని ఇద్దరం దానికేసి చూస్తూ నిలబడ్డాం. "నమ్మకంగా నిలబడరా, సందేహం వీపులో కనపడుతుంది" అన్నాను. ఎవడో వచ్చి "ఏమిస్తున్నారమ్మా?" అన్నాడు. "తెలీదండీ, ముందొచ్చేశాం" అన్నాను. వాడు మన వెనక నిలబడ్డాడు. వాడి వెనక ఇంకొకడు. వీధి మలుపు దాకా వరస! మన పక్కింటి పంతులమ్మ, ఊరందరికీ లెక్కలు నేర్పిన మనిషి, గొడుగేసుకుని మరీ నిలబడింది. చివర్లో ఒక ముసలమ్మ "నా దాకా వచ్చేసరికి అయిపోతాయేమో" అని కళ్ళొత్తుకుంది. నేను వెంటనే తిరిగి "ఉత్తిదే!" అని అరిచాను. పంతులమ్మ గొడుగు నా వీపు మీద విరిగింది. విరగ్గొట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది.

నాన్న నాటకాల్లో తెర లాగేవాడే కానీ ఒక్క మంచి మాట చెప్పిపోయాడు. "ఎదుటివాడి కంట్లో నీళ్ళు రాకముందే ఉత్తిదే అనాలి. వచ్చాక అంటే అది వేళాకోళం కాదు, పాపం." నువ్వు మాత్రం ఆ రోజు నా సంచి లాగి "ఇంకాసేపు ఆగుదామక్కా" అన్నావు. దొంగా!

నీ తెల్ల చొక్కా మొదటి రోజుకని దాచుకున్నావు కదా. జాగ్రత్తగా తొడుక్కో.

నీ అక్క,
కత్తెర


నీళ్ళ కచేరీ, వెనక గది

కత్తెరక్కకి,

చొక్కా చెయ్యి లోపల కుట్టేసి పంపుతావా? మా పెద్దసారు ముందు నిలబడి చెయ్యి దూర్చి, దూర్చి, చెమటలు పట్టాయి. ఆయన "చెయ్యి బాలేదా నాయనా?" అని జాలిపడి కుర్చీ వేయించాడు. కాబట్టి తిట్టలేను, మెచ్చుకోనూ లేను.

ఇక్కడి నుంచి నవ్వకుండా చదువు.

ఈ ఊళ్ళో నీళ్ళు లేవక్కా. మన ఊళ్ళోలా సన్నగా రావడం కాదు, లేనే లేవు. కచేరీ పెరట్లోకి ట్యాంకరు వస్తే జనం దాని మీద పడిపోతారు. నేను మేడ మీద నుంచి మైకులో "తోసుకోకండి, అందరికీ వస్తాయి" అని మొత్తుకుంటూనే ఉన్నాను. చెవిటివాడి ముందు శంఖం. మొన్న ఒకావిడ కింద పడింది. మీద నుంచి బిందెలు వెళ్ళాయి, కాళ్ళు వెళ్ళాయి. జనం తప్పుకునేసరికి మెడలో కొలత టేపు కనపడింది. పసుపు టేపు, నీదిలాంటిదే. మెట్లు ఎలా దిగానో తెలీదు. ముఖం చూశాను. నువ్వు కాదు. ఎవరో వేరే దర్జీ. నువ్వు కాదని తెలిసి నాకు సంతోషం వేసిందక్కా. ఒక మనిషి కాళ్ళ కింద చచ్చిపోతే సంతోషపడ్డాను. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మైకు ముట్టుకోలేదు. పెరట్లో ఒక మూల పాత పంపుగది ఉంది, తుప్పు పట్టిన తాళం. బిందె పట్టుకుని దాని ముందు నిలబడ్డాను, తలుపుకేసి చూస్తూ. వెనక్కి తిరగలేదు. వీపులో సందేహం కనపడనివ్వలేదు. "ఇక్కడ ఇస్తారా?" అని ఎవరో అడిగారు. "ముందొచ్చేశానండీ" అన్నాను.

అక్కా, గోడ చుట్టూ వరస తిరిగింది! ట్యాంకరు వచ్చి వరస పక్కనే నడుస్తూ బిందెలు నింపుకుంటూ పోయింది. ఒక్కరికీ గీరు పడలేదు. పెద్దసారు కిటికీలోంచి చూసి కిందికి దిగొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇప్పుడు నేను మైకు మనిషిని కాను. "వరసల బాబు" అంటున్నారు.

బావకి చెప్పు.

పిల్లి


కుట్టుగది

ఒరేయ్ వరసల బాబూ,

నీ ఉత్తరం మీ బావ గట్టిగా చదివాడు. ఆ దర్జీ మనిషి దగ్గర ఆగిపోయాడు. తర్వాత నేను చదివాను. నా టేపు తీసి మేకుకి తగిలించాను, ఆ పూట కుట్టబుద్ధి కాలేదు. సంతోషపడ్డందుకు కుమిలిపోకు. నీ చోట నేనున్నా అదే పడేదాన్ని.

ఇక రెండో సంగతి. పంతులమ్మకి చెబితే "వాడు ఇంత ప్రయోజకుడవుతాడని నా గొడుగు విరిగినప్పుడే అనుకున్నాను" అంది. నవ్విన నాపచేనే పండిందిరా! మన తలమాసిన వేళాకోళం నలుగురి ప్రాణాలు కాపాడిందంటే నాన్న పైనుంచి తెర ఒకసారి లాగి మళ్ళీ వేసుంటాడు.

మీ బావకి ఒకటే అనుమానం. "ట్యాంకరొచ్చింది, నీళ్ళు పోశారు, బాగుంది. జనం ఇళ్ళకెళ్ళేటప్పుడు మీవాడు ఉత్తిదే అన్నాడా?" అని. అన్నావు కదూ? ఎలా నవ్వారో రాయి.

కత్తెర


నీళ్ళ కచేరీ, మేడ మీది గది

అక్కా,

అనలేదు.

ఎందుకనాలి? అంటే రేపు మళ్ళీ తొక్కుకుంటారు. తలుపు వెనక ఏదో ఉందని అనుకుంటున్నంత సేపే మనిషి మనిషిలా నిలబడుతున్నాడు. నిన్న ట్యాంకరు రాలేదు. అయినా సాయంత్రం దాకా నిలబడి, ఒకరికొకరు దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయారు. రేపు ముందు నిలబడొచ్చని కొందరు అక్కడే పడుకున్నారు.

నీళ్ళు లేకపోయినా వరస ఉంటోందక్కా. అది చూసి పెద్దసారు భయపడ్డాడు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది.

వేరే ఊళ్ళకి కూడా ఈ పద్ధతి పంపుతున్నారు. నాకు మేడ మీద గది ఇచ్చారు. కిటికీ పెరటి వైపు.

నీ తమ్ముడు


కుట్టుగది

తమ్ముడూ,

నీ సరుకు మన ఊరికీ చేరింది. రోడ్డు మీద తెల్ల గీత కొట్టారు. అది మలుపులు తిరిగి తిరిగి ఎక్కడికి పోయిందనుకున్నావు? పాత దారపు గోడౌను తలుపు దగ్గరికి. ఆ తలుపుకి కొత్త తాళం, పక్కన ఒక సిపాయి, పైన మైకు. మైకులో నీ గొంతు. మొదటిసారి విన్నప్పుడు నేనే మాట్లాడానా అని నోరు మూసుకున్నాను!

కానీ ఏం మాటలురా అవి? "వెనక్కి చూడకండి. పక్కవారితో మాట్లాడకండి. ఎందుకని అడగకండి. వరస తప్పినవారు చివరికి." కుట్టు పని మానుకుని పొద్దున పూట నేనూ నిలబడుతున్నాను, ఏం చేస్తాం, ఇళ్ళల్లో కుళాయిలు కట్టేశారు కదా. వరసలో నిలబడనివాళ్ళకి వారానికోసారి వచ్చే ట్యాంకరు కూడా ఆగదట.

నవ్వొచ్చే సంగతులూ ఉన్నాయిలే. ఇప్పుడు ఊళ్ళో ఎవరికీ చుట్టరికాలు గుర్తులేవు. "ఆయన నీకేమవుతాడు?" అంటే "నా ముందాయన" అంటున్నారు. "ఈమె?" "నా వెనకావిడ." వరస కలపడమంటే ఇదేనేమో! పంతులమ్మ నా వెనకావిడ. గొడుగు మళ్ళీ తెచ్చుకుంటోంది. నేను మెల్లగా "పంతులమ్మా, ఆ తలుపు గుర్తుందా?" అంటే కళ్ళతోనే గదమాయించింది. ఆ మనిషి నన్ను అలా ఎప్పుడూ చూడలేదు.

మీ బావ సంగతి తెలుసుగా, నోట్లో నువ్వు గింజ నానదు. నిన్న వరసలో నిలబడి గట్టిగా అన్నాడు: "ఆ గోడౌనుకి గొట్టం కూడా లేదయ్యా, ఓనరు బిల్లు కట్టలేక నా చేతే పీకించేశాడు. నేతిబీరకాయలో నెయ్యెంతో ఈ తలుపు వెనక నీళ్ళూ అంతే!" కొందరు నవ్వారు. నవ్వి, ఎవరు చూశారో అని చూసుకున్నారు. వేళాకోళానికి నవ్వి భయపడ్డం నేనెప్పుడూ చూడలేదురా.

ఎప్పుడంటావు ఆ మాట? జనం ఏడవక ముందే అనాలి. నేను గుర్తు చెయ్యాలా?

కత్తెర


వరసల భవనం

అక్కా,

బావని వరసలో ఆ మాట అనవద్దని చెప్పు. ఇది భవనం మాట కాదు, తమ్ముడి మాట. మళ్ళీ రాయడానికి వీలుపడకపోవచ్చు.

నువ్వు కూడా "ఉత్తిదే" అన్న మాట ఉత్తరాల్లో రాయకు.


కుట్టుగది

ఒరేయ్,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. మీ బావని తీసుకుపోయారు.

సిపాయి వచ్చి "గొట్టం లేదన్నది నువ్వేనా?" అన్నాడు. "లేదన్నది నేను కాదు, గొట్టమే" అన్నాడు ఈయన. ఇంకొకరైతే నవ్వేవాళ్ళు. వాడు ఈయన పానా లాక్కుని, మెడ పట్టుకుని బండెక్కించాడు. వరసలో ఎవరూ తల తిప్పలేదు. వెనక్కి చూడొద్దన్నావు కదా, చూడలేదు. నేను పరిగెత్తాను. నేను పరిగెత్తగానే నా వెనకావిడ నా చోటులోకి ఒక అడుగు ముందుకేసింది. పంతులమ్మే.

ఊరి చివర ముళ్ళ కంచె వేసిన మైదానంలో పెట్టారట. అక్కడా వరసలేనట, తలుపు కూడా లేదట, ఉత్త గోడకేసి నిలబెడతారట.

నీ చేతిలో పని. వెంటనే వదిలించు. ఆయనకి మోకాలు నొప్పి, నీకు తెలుసు, నీకు సైకిలు నేర్పుతూ తగిలిందే ఆ దెబ్బ.

అక్క


వరసల భవనం

శ్రీమతి గారికి,

మీ ఉత్తరం అందింది. మీ భర్త గారి విషయం పరిశీలనలో ఉంది. వరసలో ఉన్నవారి నమ్మకాన్ని చెడగొట్టడం నేరమని మీకు తెలిసే ఉంటుంది. దయచేసి మీ చోటులో మీరు ఓపికగా నిలబడవలసిందిగా కోరుతున్నాము.

వరసల అధికారి


కుట్టుగది

ఏమండీ అధికారి గారూ,

"శ్రీమతి గారా?" నీ ముక్కు తుడిచిన చేత్తో రాస్తున్నానురా ఈ ఉత్తరం. నువ్వు పక్క తడిపితే నేను నీళ్ళు ఒలకబోశానని చెప్పి దెబ్బలు తిన్నాను. "కోరుతున్నాము" అట! ఎంతమంది ఉన్నారురా నీలో?

ఆ గదిలో నీ పక్కన ఎవరో నిలబడి రాయించారని అనుకుంటున్నాను. అలా అనుకోకపోతే నాకు నిద్ర పట్టదు. వాళ్ళు టీ తాగడానికి వెళ్ళినప్పుడు నువ్వుగా నాలుగు ముక్కలు రాయి. నీకూ నాకూ వరస ఏమిటో ముందు అది తేల్చు.

ఏకు మేకైతే పీకొచ్చు. మరి నువ్వేమవుతున్నావు?


వరసల భవనం, నా గది

అక్కా,

ఎవరూ రాయించలేదు. నేనే రాశాను.

ఇది చదివి కాల్చెయ్యి. పెద్ద చెరువు అడుగు కనపడింది. బురద ఎండి పగుళ్ళు వచ్చాయి. ట్యాంకర్లకి ఇంక ఎన్నాళ్ళు నీళ్ళుంటాయో చెప్పలేను. ఈ సంగతి ఒక్క పొద్దున బయటికొచ్చిందా, ప్రతి ఊళ్ళోనూ ఆ దర్జీ మనిషి కింద పడుతుంది. ఆవిడ టేపు నా బల్ల మీదే ఉంది. సంతకం పెట్టే ముందు ప్రతిసారీ చూస్తాను. నేను చెడ్డవాణ్ణయ్యానని నువ్వు అనుకుంటున్నావు. నేను జనాన్ని నిలబెడుతున్నాను, అంతే. పడితే తొక్కేస్తారు.

పెద్దసారు ఇప్పుడు లేడు. తలుపులన్నీ తెరిచి నిజం చెప్పేద్దామన్నాడు. ఆయన చోటులో నేనున్నాను. ఆయన ఎక్కడున్నాడని అడగకు.

బావ ఇంటికి రావడానికి ఒక దారి ఉంది. మీ గోడౌను ముందు, వరసకి ఎదురుగా నిలబడి ఒక్క మాట అనాలి: "గొట్టం నేనే వేశాను, లోపల నీళ్ళున్నాయి." అంతే. ఆయన మాట ఊళ్ళో నమ్ముతారు. నువ్వు చెబితే ఒప్పుకుంటాడు. కంచె దగ్గర నిన్ను ఆపరు, చెప్పి ఉంచాను.

పిల్లి


కుట్టుగది

తమ్ముడూ,

వెళ్ళాను. ఈ చేత్తోనే కంచె పట్టుకుని చెప్పాను. మీ బావని గోడకేసి నిలబెట్టారు, పక్కకి తిరగడానికి సిపాయిని అడిగాడు. గెడ్డం పెరిగింది. నీ షరతు విన్నాడు.

"మిషనూ, జీవితంలో కారే కుళాయిలు చాలా బిగించాను. నీళ్ళు లేని గొట్టానికి కుళాయి బిగించమంటున్నాడు మీవాడు. నా వల్ల కాదే" అన్నాడు.

"అబద్ధమే కదయ్యా, ఎన్ని ఆడలేదు మనం?" అన్నాను.

"మనం ఆడినవాటికి చివర ఒక మాట ఉండేది" అన్నాడు.

ఇంక నేను ఒత్తిడి చెయ్యలేదు. కోపగించుకోకు.

ఇప్పుడు నా మాట విను. జనానికి నిజం చెబితే తొక్కుకుంటారని నీ భయం. తొక్కుకున్నది నీళ్ళ కోసంరా, నిజం కోసం కాదు. అందరూ కూర్చుని, ఉన్న చుక్క పంచుకోవడం వాళ్ళకి చేతకాదని నీకెవరు చెప్పారు? నువ్వొక్కసారి మైకులో ఉత్తిదే అను. నవ్వుతారో, తిడతారో, గొడుగులు విరగ్గొడతారో, అది వాళ్ళిష్టం. ఆ తర్వాత నా మనిషిని నాకు పంపు.

నువ్వనకపోతే నేనంటాను. మనిద్దరిదీ ఒకటే గొంతని మర్చిపోయినట్టున్నావు. గోడౌను మైకు గదికి తెర కుట్టమని సిపాయి నాకే బేరం ఇచ్చాడు. తెర లాగేవాడి కూతుర్ని నేను.


వరసల భవనం

అక్కా, వద్దు. బతిమాలుకుంటున్నాను. నువ్వు దొరికితే నేను ఆపలేను.


కుట్టుగది

పిల్లీ,

చేశాను. దొరకలేదు.

తెర తగిలించడానికి కుర్చీ ఎక్కాను. సిపాయి బీడీ కోసం బయటికి వెళ్ళాడు. మైకు నొక్కి, గొంతు సవరించుకుని, నీలాగే ముక్కుతో ఒక ఊపిరి తీసి అన్నాను: "అందరికీ నమస్కారం. వరసల అధికారిని మాట్లాడుతున్నాను. ఇది ఉత్తిదే. తలుపు వెనక ఏమీ లేదు. ఇళ్ళకి వెళ్ళండి. నీళ్ళ సంగతి కూర్చుని మాట్లాడుకుందాం."

కుర్చీ దిగి, కత్తెర, టేపు సంచిలో వేసుకుని, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటూ బయటికొచ్చాను. జనం చెల్లాచెదురై ఉంటారనుకున్నాను. కనీసం గోల. ఎవడో ఒకడు తాళం మీద రాయి వేస్తాడనుకున్నాను.

ఒక్కడూ కదల్లేదురా.

వీధి పొడుగునా అలాగే నిలబడి ఉన్నారు. ఇంతకుముందు కొంచెం వంగి నిలబడేవాళ్ళు, ఇప్పుడు నిటారుగా అయ్యారు. చివర్లో ఒక ముసలాయన ఒక్కడు బిందె దించి అడుగు పక్కకి వెయ్యబోయాడు. ఆయన ముందాయన, వెనకాయన చెరో రెక్కా పట్టుకుని గీత మీదికి లాగేశారు.

నేను పంతులమ్మ దగ్గరికి వెళ్ళాను. "విన్నారా? ఉత్తిదేనట!" అన్నాను.

పెదవులు కదపకుండా అంది: "గట్టిగా మాట్లాడకు. ఇది పరీక్ష. కదిలినవాళ్ళ చోటు పోతుంది."

"పంతులమ్మా, నేనే అన్నాను, నా గొంతు పోల్చుకోలేదా? ఆ ఇనుప తలుపు రోజు మీరు నవ్వలేదూ?"

"నాకేమీ గుర్తులేదు. నీ చోటుకి నువ్వు వెళ్ళు" అంది. గొడుగు ముఖానికి అడ్డం దించుకుంది.

ఇంతవరకూ అబద్ధం నమ్మించడమే కష్టమనుకునేదాన్ని.


వరసల భవనం, మేడ మీది గది

నా కత్తెరక్కకి,

ఎన్నాళ్ళకి నవ్వానో! నీ ముక్కు ఊపిరి గురించి చదివి ఒక్కణ్ణే గదిలో పగలబడి నవ్వాను. బయట కాపలావాళ్ళు కంగారు పడ్డారు.

భయపడకు. ఆ ప్రకటన చేసింది నేనేనని రాయించాను. గొంతు నాదే కదా, ఎవరు కాదంటారు? నీ జోలికి ఎవరూ రారు.

నాకు ఇన్నాళ్ళూ ఒకటే భయం ఉండేదక్కా. నీతో చెప్పలేదు. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో వెనక నుంచి ఆ మాట అంటారని. ఆ మాట కోసమే ఊళ్ళల్లో చెవులు పెట్టాను, ఆ మాట అన్నవాళ్ళనే కంచెల్లో పెట్టాను. ఆ ఒక్క మాటతో అంతా కూలిపోతుందని వణికాను. నువ్వు అన్నావు. నా గొంతుతోనే అన్నావు. ఏమీ కూలలేదు.

చిన్నప్పుడు నిలబడడం నేర్పావు. ఇప్పుడు మిగతాది కూడా నేర్పావు. ఇక ఆ మాటని దాచక్కర్లేదు. ప్రతి ఊళ్ళోనూ పొద్దున్నే మైకులో నేనే అంటాను. కదిలినవాళ్ళెవరో తెలుస్తుంది. కంచెల్లో ఈ పరీక్ష నిన్ననే మొదలుపెట్టాం.

బావని పంపిస్తున్నాను. షరతేమీ లేదు. నువ్వు నాకిచ్చినదానికి ఈమాత్రమైనా ఇవ్వకపోతే ఎలా? ఆయన తలుపు కొడితే తెరువు.

ఆ పసుపు టేపు ఈమధ్య చూడ్డం లేదు. సొరుగులో పెట్టేశాను.

నీ
పిల్లి


మన ఇల్లు, గుమ్మం దగ్గర

తమ్ముడూ,

మీ బావ వచ్చాడు.

తలుపు కొట్టలేదు. ఎంతసేపైందో తెలీదు, చెత్త పారబొయ్యడానికి తీస్తే ఎదురుగా ఉన్నాడు. చేతులు పక్కలకి ఆనించి, తలుపుకేసి చూస్తూ. బాగా చిక్కిపోయాడు. మోకాలు వాచింది. నేను "అయ్యో!" అని చెయ్యి పట్టుకున్నాను. కదల్లేదు.

"ముందెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"ఎవరూ లేరయ్యా, ఇది మన ఇల్లు, లోపలికి రా" అన్నాను.

నా భుజం మీదుగా లోపలికి చూశాడు. రాలేదు. నాకు నవ్వొచ్చిందిరా, ముందు నిజంగానే నవ్వొచ్చింది. మనాయన కదా, ఇన్నాళ్ళకి నన్నే ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. నా వేళాకోళం నాకే అప్పజెబుతున్నాడనుకున్నాను. నడుం మీద చేతులు వేసుకుని "సరే, ఓడిపోయాను, చాలు, ఉత్తిదే! రా లోపలికి" అన్నాను.

ఆ మాట వినగానే మనిషి బిగుసుకుపోయాడు. కాళ్ళు రెండూ దగ్గరకి తెచ్చాడు. గడ్డం పైకెత్తాడు. ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నాడు, ఎవరైనా చూస్తారేమోనని.

గుమ్మానికి ఇటు నేను, అటు ఆయన. లోపలి నుంచి స్టూలు తెచ్చి ఆయన పక్కన వేశాను, కూర్చోలేదు. దాని మీద నేనే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. పక్కింటి వైపు నుంచి పంతులమ్మ బిందె పట్టుకుని వచ్చింది. మా తలుపుని చూసింది. ఆయన వీపుని చూసింది. వచ్చి ఆయన వెనక నిలబడింది.

నాన్న సూత్రం నీకూ తెలుసు, నాకూ తెలుసు. కంట్లో నీళ్ళు రాకముందే అనాలి.

వచ్చేశాయిరా. ఇప్పుడను, చూద్దాం.

నీ అక్క